కులాభిమానము, పక్షాభిమానము: హారిసన్ వాదపరీక్ష

ఓటరు తన కులమునుబట్టి రాజకీయపక్షమును వరించునా, పక్షమునుబట్టి పరకులమును ద్వేషించునా, లేక యీ రెంటికిని నియతమైన సంబంధమే లేదా యను ప్రశ్న కృష్ణాడెల్టాయందు రచ్చబండలమీదను, పత్రికలయందును నిత్యము చర్చింపబడుచున్నది. దీనిని గూర్చి పుట్టిన రచనలలో మొదట లెక్కింపదగినది సెలిగ్ హారిసన్ అను అమెరికా పత్రికారచయిత వ్రాసిన "కులము, ఆంధ్ర కమ్యూనిస్టులు" అను వ్యాసము. అది 1956 జూన్ మాసమున అమెరికా రాజనీతిశాస్త్ర సమీక్షాపత్రికయందు వెలువడెను. ఆ వాదమే 1960లో ఆయన ప్రకటించిన భారతదేశవిషయక గ్రంథమున చేఱినది. పిమ్మట ఆంధ్రరాజకీయములను గూర్చి వ్రాసినవారిలో ఈ వ్యాసమును ఖండించుటకో, మండించుటకో స్మరింపనివారరుదు. పండితులు వ్రాసిన దానిని పక్షనాయకులు వ్యవహారమునకు తెచ్చుకొనిరి. కావున దీని గుణదోషవిచారణము పుస్తకములతో ముగియునది కాదు. ఎన్నికకొక్కమాఱు అభ్యర్థులను నిర్ణయించు తావున ఈ వాదమే పేరు లేకుండ పనిచేయుచున్నది.

పూర్వపక్షము

హారిసన్ వాదసారమిది. కోస్తాంధ్రమున భూవసతి గల కర్షకకులములు రెండు, కమ్మవారును రెడ్లును, పలుకుబడికై చిరకాలముగా పోటీ పడుచున్నవి. ఆంధ్ర కమ్యూనిస్టుపక్షనాయకులలో డెల్టాప్రాంతపు కమ్మవారు అధికసంఖ్యాకులు. కాంగ్రెసునందు రెడ్ల ప్రాబల్యము హెచ్చు. 1951లో ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘాధ్యక్షపదవికై జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డిగారు గెలువగా ఎన్. జి. రంగాగారు కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పక్షమును స్థాపించిరి. అందుచే కర్షకుల ఓట్లు చీలెను. 1952 ఎన్నికలలో కమ్యూనిస్టులు మదరాసు శాసనసభకు ఆంధ్రప్రాంతమునుండి 41 స్థానములు గెలుచుకొనిరి. 1955 ఎన్నికలనాటికి రంగాగారి పక్షము కాంగ్రెసుతో కూడెను. కాంగ్రెసు ఆయా తావుల బలమైన కులమునుండియే అభ్యర్థులను ఏరి నిలిపెను. ఫలితముగా 196 స్థానములు గల ఆంధ్రరాష్ట్ర శాసనసభలో కమ్యూనిస్టులకు 15 మాత్రమే దక్కెను. కావున సిద్ధాంతములు పైకి పలుకునవి మాత్రమే. లోన నడపునది కులమని ఆయన నిర్ణయము. ఈ పోటీకి మూలముగా కమ్మవారి కులగాథలలో గల పూర్వక్షాత్రస్మృతిని, రెడ్లవలన తాము వంచితులైతిమను కథను గూడ ఆయన ఉపన్యసించెను.

ఈ వ్యాసమునకు గల గుణములను మొదట చెప్పుట న్యాయము. హారిసన్ 1951 మొదలు 1954 వఱకు ఈ దేశమున విలేఖరిగా నుండి, కంటితో చూచినదానిని అంకెలతో సరిపోల్చెను. ధనికదరిద్రభేదమొకటియే ఓటును శాసించునని నమ్మినవారికి, ఆ మాట పలుకు నాయకులు ఏ యిండ్లలో పుట్టిరో చూడుడని వేలెత్తి చూపెను. పేరునకు విప్లవము, ఊరిలో బంధుత్వము అను వ్యవహారమును దాపఱికము లేక బయటపెట్టెను. ఆ ధైర్యము మెచ్చదగినది. అయినను హేతువు సద్ధేతువగునా, హేత్వాభాసమగునా యను పరీక్ష మిగిలియున్నది.

పదవిచారము

తెలుగున "జాతి" యను నొక్క పదమే మూడర్థములలో వాడబడుచున్నది. తెల్లజాతి యన్నచో శరీరవర్ణమునుబట్టిన సమూహము. తెలుగుజాతి యన్నచో భాషనుబట్టిన సమూహము. జాతి తక్కువ యను నిందయందు కులము. ఈ మూటిని వివేచింపక పాశ్చాత్యులు వర్ణవిద్వేషమును గూర్చి చేసిన సిద్ధాంతములను డెల్టాకు తెచ్చినచో అర్థసాంకర్యము తప్పదు.

జాతివాచకములకు స్త్రీప్రత్యయమును విధించు పాణినిసూత్రము క్రింద మహాభాష్యకారుడు జాతి యెన్నివిధములో విచారించెను. మొదటిది ఆకృతివలన తెలియునది; ఆవును చూచినంతనే గోత్వము తోచును, ఎవరును చెప్పనక్కఱలేదు. రెండవది చూపునకు గోచరింపక, ఒక్కమాఱు చెప్పగా గ్రహింపబడునది. ఒకడు వృషలుడని వినినచో అతని తండ్రియు, సోదరుడును, కుమారుడును అట్టివారేయని తెలియును. మూడవది స్వభావముచే జాతి కాకున్నను శబ్దకార్యమున జాతివలె ఎన్నబడునది. గోత్రమును, చరణమును ఇట్టివి. చరణమనగా వేదశాఖాధ్యేతల సమూహము. కఠశాఖను చదివినవాడు కఠుడు. ఆ చదువు ఒకప్పుడు చేకొనినది, పుట్టుకతో నొడలికి వచ్చినది కాదు. అయినను స్త్రీవ్యక్తియందు జాతివాచకమునకు వలెనే దానికిని ప్రత్యయము వచ్చి "కఠీ" యను రూపము సిద్ధించుచున్నది. చేకొనినది పుట్టుకవలె వ్యవహరింపబడుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము వెదకనక్కఱలేదు.

ఈ విభాగము ప్రకృతవిషయమునకు దీపమువంటిది. అమెరికాయందలి తెలుపు నలుపు భేదము కంటికి కనబడునది. అది మొదటి తెగను పోలినది. డెల్టాయందలి కులభేదము రెండవ తెగకు చెందును. పటమటలో బండి దిగిన పరాయివాని మొగము చూచి యతని కులమును చెప్పగలవాడు లేడు, అందులకే "మీరేమిటివారు?" అను ప్రశ్న పుట్టినది. ఇంటిపేరు, ఊరిపేరు, పేరుచివరి బిరుదు, ఇవి యన్నియు ఆ ప్రశ్నకు అడుగకయే రాబట్టు సమాధానములు. రాజకీయపక్షము మూడవ తెగ. అది చదివి, విని, తలచి చేకొనదగినది. అయినను వ్యవహారమున పుట్టుకవలె ఎన్నబడుచున్నది. తాతనాటినుండి మాది ఫలానా పక్షమని చెప్పుకొను కుటుంబములు డెల్టాలో ఊరూర కలవు. పక్షము పేరు వినినచో కులమును, కులము పేరు వినినచో పక్షమును ఊహించుట అలవాటయ్యెను. హారిసన్ చూచినది ఈ అలవాటునే. అది చరణము జాతివలె కనబడు తావు. ఆయన దానిని జాతియే యని నిర్ణయించెను. దోషము అచ్చట మొదలగుచున్నది.

నామచరిత్ర

రెండు కులముల వైరము పురాతనమని చెప్పుటకు కులగాథలు ప్రమాణములు కాజాలవు. గాథ యెప్పుడు పుట్టెనో తెలియనిదే అది వైరమునకు కారణమో, వైరమునకు పిమ్మట కల్పింపబడిన సమర్థనమో చెప్పుట యశక్యము. శాసనములు మఱియొక కథ చెప్పుచున్నవి. జగ్గయ్యపేట స్తూపమునందలి ఇక్ష్వాకుశాసనమున కమ్మక రాష్ట్రమను దేశనామము కనబడును; పిమ్మటి శాసనములలో కర్మరాష్ట్రము, కమ్మనాడు అను రూపములు కలవు. అనగా "కమ్మ" యనునది మొదట నేలకు పేరు. ఆ నేలపేరు బ్రాహ్మణశాఖలలోని కరణకమ్మలయందును వినబడుచున్నది. వెలనాడను నేలపేరు వెలనాటి బ్రాహ్మణులకును, వెలనాటి కాపులకును సమానముగా వచ్చెను. పాకనాటివారు రెడ్లలో కలరు, నియోగులలో కలరు. "రెడ్డి" యను పదమును రట్టగుడి, రట్టోడి యను నధికారనామములనుండి పరిశోధకులు సాధింతురు. నేటికిని గ్రామాధికారిని రెడ్డియని పిలుచు సీమలు కలవు. "కాపు" అను పదమునందు సేద్యము, రక్షణము అను నర్థములు తోచును.

దేశము, అధికారము, వృత్తి అను నుపాధులచేత వచ్చిన పేళ్లు కాలక్రమమున పుట్టుకపేళ్లయ్యెను. ఇట్టి పేళ్లకు ఆదినుండి స్థిరమైన వైరమును అంటగట్టి, ఆ వైరమునుండి ఇరువదవ శతాబ్దియందలి ఓటును సాధించుట, గోడపై చిత్రమును చూచి గోడ పుట్టుకను చెప్పుటవంటిది. పలుకుబడికై పోటీ యుండుట నిజము. దానికి కారణములు కాలువల క్రింద పెరిగిన పల్లపుసేద్యము, దానివలన వచ్చిన రొక్కము, చదువు, స్థానికసంఘములలో పదవులు. కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తియైన పిమ్మట డెల్టాకు వచ్చిన కలిమి యిది; రాజుల కాలపు కలహశేషము కాదు.

అన్వయవ్యతిరేకములు

కార్యకారణభావనిర్ణయమునకు అన్వయమొకటియే చాలదు, వ్యతిరేకమును కావలెను. కులమున్నచో ఆ పక్షముండుట అన్వయము. కులము లేనిచో ఆ పక్షము లేకుండుట వ్యతిరేకము. హారిసన్ మొదటిదానిని విస్తరించి రెండవదానిని సంగ్రహించెను.

తొలుత నాయకులను చూడుడు. ఆంధ్రదేశమున కమ్యూనిస్టుపక్షమునకు మూలపురుషుడనదగిన పుచ్చలపల్లి సుందరయ్యగారు నెల్లూరు మండలమున రెడ్డికుటుంబమున పుట్టి, పేరుచివరి కులపదమును విసర్జించినవారు. తరిమెల నాగిరెడ్డిగారు అనంతపురపు రెడ్డి. కమ్యూనిస్టులను ఎదిర్చి తుదకు కాంగ్రెసుతో చెలిమి చేసిన రంగాగారు డెల్టా కమ్మవారు. ప్రథానపురుషులే వ్యభిచరించుచుండగా హేతువు సవ్యభిచారమగుచున్నది.

పిదప ఓటరులను చూడుడు. హారిసన్ విచారించినది శాసనసభాస్థానములను. అదే డెల్టానడుమ, అదే ఓటరులు, లోకసభకు ఎవరిని పంపిరో చూచినచో విశేషము తెలియును. 1952లో విజయవాడ లోకసభాస్థానమున కమ్యూనిస్టుల బలముతో స్వతంత్రుడుగా గెలిచినవాడు హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయ. వంగకుటుంబమున హైదరాబాదున పుట్టి ఆంగ్లమున కవిత్వము చెప్పినవాడు, సరోజినీదేవికి తమ్ముడు. అతనికి డెల్టాలో కులము లేదు, చుట్టము లేదు. 1957లో అచ్చటనే కాంగ్రెసుపక్షమున గెలిచినవారు వైద్యురాలు కొమర్రాజు అచ్చమాంబగారు. ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు ఆద్యులైన లక్ష్మణరావుగారి కుమార్తె. 1962, 1967, 1971 సంవత్సరములలో వరుసగా గెలిచినవారు కంకిపాడున పుట్టిన యింజనీయరు కానూరి లక్ష్మణరావుగారు. ఈ మువ్వురును హారిసన్ చెప్పిన రెండు కులములలో దేనికిని చెందినవారు కారు. అయిదు ఎన్నికలు గడచినను ఆ రెండు కులముల ప్రతినిధి యొక్కడును గెలువకపోవుట, ఆ కులములకు పెట్టనికోటయని చెప్పబడిన సీమయందే జరిగినది.

1955 అంకెలను మఱల చూడుడు. స్థానములు 15 అయినను కమ్యూనిస్టులకు పడిన ఓట్లు నూటికి 31. మునుపటి ఎన్నికలలోని భాగముకంటె ఎక్కువ. ఎక్కువ స్థానములలో పోటీచేయుటయు ఇందుల కొక కారణమగును. అయినను స్థానములు తగ్గుటకు ముఖ్యహేతువు ఎదిరిపక్షములు ఒక్కటై ఒక్కొక్క తావున ఒక్కనినే నిలుపుట. పొగ కనబడినచో నిప్పున్నదనవచ్చును. నిప్పున్నంతమాత్రమున పొగయుండునని చెప్పరాదు, తడికట్టె యను నుపాధి కావలెను. ఇచ్చట కూటమియే ఆ తడికట్టె. కులాభిమానము 1952లోను ఉన్నది, 1955లోను ఉన్నది, మాఱినది కూటమి. మాఱనిదానిని విడిచి మాఱినదానిని కారణముగా చెప్పుట తర్కమర్యాద. 1970లో రజనీ కొఠారి సంపాదకత్వమున వెలువడిన గ్రంథమున కెరొలిన్ ఎలియట్ అను విదుషి కమ్మ రెడ్డి కులములలోని అంతర్విభాగములను గూర్చి వ్రాసెను. ప్రతి కులమును లోన ముఠాలుగా చీలియుండునను నీ అంశము కులము ఒక్క చేతితో ఓటు వేయునను భావమునకు బాధకము.

కులమును పక్షమును కలిసి మండిన దినములు లేవని యనరాదు. 1988 డిసెంబరు 26వ తేదిన విజయవాడ తూర్పు నియోజకవర్గ శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా నిరాహారదీక్షలోనుండగా హత్య చేయబడెను. పిమ్మట నగరమున చెలరేగిన అల్లరులలో కులమును చూచి యిండ్లను, అంగళ్లను తగులబెట్టిరి. పక్షవైరము కులవైరముగా పరిణమించుటకు ఇది ఘోరమైన ఉదాహరణము. అయినను పటమట చేఱియున్న ఆ తూర్పు నియోజకవర్గమే 1985, 1989, 1994లలో కాంగ్రెసును, 1999లో భారతీయ జనతాపక్షమును, 2004లో మఱల కాంగ్రెసును, 2009లో ప్రజారాజ్యమును, 2014, 2019, 2024లలో తెలుగుదేశమును గెలిపించినది. సరిహద్దులు నడుమ మాఱినమాట నిజమే గాని ఊరు మాఱలేదు, ఊరిలోని కులములు మాఱలేదు. పక్షములు నాలుగు మాఱినవి. ఇన్నిమాఱులు విడువబడినదానిని జాతియనుట చెల్లదు.

అభిమానము వేఱు, తిరస్కారము వేఱు

హారిసన్ వ్యాసమునందలి ప్రధానలోపము ఇంకొకటి కలదు. ఆయన కొలిచినది స్వకులాభిమానము. ప్రశ్న యడుగునది పరకులతిరస్కారమును గూర్చి. తనవాడని ఓటు వేయుట యొకటి. తాకరానివాడని త్రోయుట వేఱొకటి. ఈ రెండవదానిని కొలువవలెనన్నచో సమానబలము గల రెండు భూస్వామికులముల పోటీని చూచిన చాలదు. వారి చేలలో నాట్లు వేసి, కోతలు కోసి, ఊరికి వెలిగా బ్రతికినవారివైపు చూడవలెను. ఆ వ్యాసమున వీరు ఓట్లసంఖ్యగా కనబడుదురు గాని, ఆ తిరస్కారమునకు గుఱియైనవారుగా కనబడరు.

తెలుగు సాహిత్యము ఈ భేదమును ముందే గుర్తించినది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన జరిగిన మహాసభలో, పంచములను పేరు విడిచి ఆదిఆంధ్రులను పేరు గ్రహింపబడెను. చెప్పగా తెలియు జాతి గనుక, చెప్పు పేరును మార్చుటయే వారికి మొదటి మార్గముగా తోచెను. సహాయనిరాకరణకాలమున గరిమెళ్ల సత్యనారాయణగారు తెల్లదొరతనము వలదని పాట కట్టి చెఱసాలకేగిరి. అది ఊరూర మ్రోగుచుండగనే రాజమహేంద్రవరపు కుసుమ ధర్మన్నగారు నల్లదొరతనము వలదని బదులు పాట వ్రాసిరి. మొదటి పాట తెల్లవాని వర్ణాహంకారమును నిరసించినది. రెండవది ఆ నిరసించినవారి ఇంటియందే గల అహంకారమును చూపినది. పరాయివాని తిరస్కారమును సహింపని పక్షము స్వగృహతిరస్కారమునకు మందు కాదని ఈ రెండు పాటల ప్రక్కప్రక్క నిలుకడయే చెప్పుచున్నది. ఒకే పక్షములోని ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో "మాలపల్లి"ని ప్రకటించిరి. ఆ పక్షముననే మాలపల్లెకు నీరు దూరముగా పోసినవారును కలరు. 1941లో "గబ్బిలము"న జాషువగారి నాయకుడు తన మొఱను కాశీవిశ్వేశ్వరునకు పంపుటకు పక్షిని గాక, గుడిలోనికి పోగల గబ్బిలమును ఎన్నుకొనెను. ఆ మొఱ ఏ పక్షకార్యాలయమునకును పంపబడలేదను విషయము గమనింపదగినది.

స్వరాజ్యానంతరవృత్తాంతము ఈ నిర్ణయమునే బలపఱచును. 1985 జూలై 17వ తేదిన ప్రకాశం జిల్లా కారంచేడున ఆఱుగురు దళితులు చంపబడిరి. ఆరోపితులు కమ్మకులపు భూవసతిదారులు, నాడు రాష్ట్రమున తెలుగుదేశ ప్రభుత్వము. 1991 ఆగస్టు 6వ తేదిన గుంటూరు జిల్లా చుండూరున ఎనమండుగురు దళితులు చంపబడిరి. ఆరోపితులలో ప్రధానులు రెడ్డికులమువారు, నాడు కాంగ్రెసు ప్రభుత్వము. కారంచేటి వ్యవహారమున సర్వోన్నతన్యాయస్థానపు తీర్పు 2008లో వచ్చెను. చుండూరి వ్యవహారమున 2007లో ప్రత్యేకన్యాయస్థానము విధించిన శిక్షలను 2014లో ఉన్నతన్యాయస్థానము కొట్టివేసెను. హారిసన్ ప్రతిద్వంద్వులుగా నిలిపిన కులములు రెండును ఈ రెండూళ్లలో ఒకే వైపున కనబడుచున్నవి. ప్రతిద్వంద్వులైన పక్షములు రెండును తమ తమ యేలుబడిలో దీనిని వారింపలేకపోయినవి. తిరస్కారము ఒక పక్షమునకు అసాధారణధర్మమైనచో ఇట్లు జరుగనేరదు. అది అన్ని పక్షములకును సాధారణము. సాధారణధర్మము వేనినైనను వేఱుచేయుటకు లక్షణము కాజాలదు.

ఓట్ల లెక్కచే తిరస్కారమును కొలువరాదని చెప్పుటకు మఱియొక యుక్తి కలదు. పామర్రు, తిరువూరు, నందిగామ స్థానములు షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినవి. అచ్చట అభ్యర్థులందఱును ఆ కులములవారే గనుక, ఇతరులు వేసిన ఓటు తిరస్కారము పోయెననుటకు ప్రమాణము కాదు; విపక్షదృష్టాంతము లేనిచోట వ్యాప్తి పరీక్షింపబడదు. సామాన్యస్థానములలో దళితుని నిలుపుటకు పక్షములు వెనుదీయుచుండుట మాత్రము ప్రమాణమగును. ఆ వెనుదీయుటలో పక్షములమధ్య చెప్పుకోదగిన భేదము లేదు.

అమెరికా దృష్టాంతము

హారిసన్ స్వదేశచరిత్రయే ఆయన వాదమునకు మంచి వ్యాఖ్యానము. ఆ వ్యాసము వెలువడుటకు మూడునెలలు ముందు, 1956 మార్చిలో, తెల్లపిల్లలను నల్లపిల్లలను ఒకే బడిలో చదివింపవలెనన్న 1954 నాటి సర్వోన్నతన్యాయస్థానపు తీర్పును నిరసించుచు అమెరికా శాసనసభ్యులు 101 మంది దక్షిణరాష్ట్రముల ప్రకటనపై చేవ్రాలు చేసిరి. వారిలో 99 మంది డెమొక్రాటిక్ పక్షమువారు. నాడు చూచినవాడు వర్ణవిద్వేషము ఆ పక్షమునకు సహజధర్మమని నిర్ణయించియుండును. ఎనిమిదేండ్లకు, 1964లో, ఆ పక్షపు అధ్యక్షుడే యగు జాన్సన్ పౌరహక్కుల శాసనమును ఆమోదించెను. పిమ్మటి దశాబ్దములలో దక్షిణపు తెల్ల ఓటరులు క్రమముగా రిపబ్లికన్ పక్షమునకు మరలిరి. విద్వేషము ఓటరులతో తరలెను. పక్షము దానికి విడిది మాత్రమయ్యెను. కంటికి కనబడు వర్ణభేదము గల చోటనే పక్షసంబంధము ఇట్లు చంచలమైనచో, చెప్పగా తెలియు కులభేదము గల డెల్టాలో దానిని నిత్యమనుట సాహసము.

అయితే ఇందు ఒక హెచ్చరికయు కలదు. విద్వేషమునకు ఒక పక్షము తెలిసియు ఆశ్రయమిచ్చినచో, కొంతకాలము ఆ రెండును విడదీయరానివిగా స్థిరపడును. నిత్యము కాదని చెప్పుట నిరపాయమని చెప్పుట కాదు.

పటమట వాదము

పక్షములే కులకలహమునకు మూలమని తలచి, వానినే తొలగింపవలెనని వాదించిన మతమొకటి పటమటయందే వర్ధిల్లెను. గోరా అను పేర ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు వృక్షశాస్త్రోపాధ్యాయులు. 1940లో ముదునూరున స్థాపించిన నాస్తికకేంద్రమును 1947లో పటమటకు తరలించిరి. పక్షరహితప్రజాస్వామ్యము వారి రాజకీయసిద్ధాంతము. ప్రతినిధి పక్షమునకు గాక ప్రజలకే బాధ్యుడు కావలెనని వ్రాసి, 1961-62లో సేవాగ్రామమునుండి ఢిల్లీవఱకు పాదయాత్ర నడపిరి.

ఈ వాదమును పరీక్షించుటకు ఆంధ్రదేశముననే సాధనమున్నది. గ్రామపంచాయతీ ఎన్నికలు పక్షచిహ్నములు లేకయే జరుగును. అచ్చట కులము తగ్గవలెను గదా! తగ్గకపోగా, పక్షమను ముసుగు లేనందున మఱింత తేటగా కనబడుచున్నదని పల్లెటూళ్లెఱిగినవారందఱకును తెలియును. చరణమును తీసివేసినంతమాత్రమున జాతి పోదు. పక్షము కొంతవఱకు మేలు కూడ చేయును. అది వేఱువేఱు కులములవారిని ఒకే జెండా క్రింద నిలిపి, ఒకే మాట పలికించును. కావున పక్షనిర్మూలనమతము దోషస్థానమును తప్పుగా గుర్తించినదనవలెను.

అయినను పటమటవారి మాటకంటె పటమటవారి చేత బలమైనది. గోరాగారు తమ కుమార్తె మనోరమను అస్పృశ్యులనబడు కులమున పుట్టిన అర్జునరావుగారికిచ్చి 1948 మార్చిలో సేవాగ్రామమున వివాహము చేసిరి. ఆ వివాహమునకు గాంధీజీ అంగీకరించి, దైవమునకు మాఱుగా సత్యము పేర ప్రమాణము చేయుటకు సమ్మతించిరి. జరుగునప్పటికి ఆయన జీవించిలేరు. 1960లో గోరాగారి కుమారుడు లవణం, జాషువగారి కుమార్తె హేమలతను పెండ్లాడెను. గుడిలోనికి గబ్బిలమును పంపిన కవి కూతురు పటమట యింటికి కోడలుగా వచ్చెను. చెప్పగా తెలియు జాతి కుటుంబపరంపరవలన నిలుచుచున్నది: తండ్రి ఇట్టివాడు గనుక కొడుకును ఇట్టివాడు. ఇట్టి వివాహము ఆ పరంపరనే త్రెంచును. వారి బిడ్డను గూర్చి "ఏమిటివారు?" అని యడిగినచో చెప్పుటకు ఒక్కమాట చాలదు.

ఫలితార్థము

హారిసన్ వ్యాసము పరిశ్రమతో కూడినది, చదువదగినది; అయినను అందలి వ్యాప్తి సోపాధికము. కులాభిమానము కొన్ని యెన్నికలలో కొన్ని పక్షములకు తోడ్పడును. ఆ తోడ్పాటు కూటములనుబట్టి, అభ్యర్థులనుబట్టి మాఱును. కులతిరస్కారము ఏ పక్షమునకును ప్రత్యేకలక్షణము కాదు, ఏ పక్షమునకును పరాయిది కాదు. కావున ఒక పక్షమును ఓడించినచో కులద్వేషము ఓడునను నమ్మకమును, మా పక్షమునందది లేదను ప్రగల్భమును రెండును త్యాజ్యములు.

ఈ విషయమున పాఠశాలోపాధ్యాయులకు చేయదగిన పని యొకటి కలదు. పక్షము పేరు వినగనే కులమును, కులము పేరు వినగనే పక్షమును ఊహించు అలవాటు తరగతిగదులలోనికి గూడ ప్రవేశించినది. ఒక పద్యము వ్రాసినవాని కులమును ముందు విచారించి, పిదప రసమును విచారించు విద్యార్థులు కలరు. అది అనుమానప్రమాణము కాదు, హేత్వాభాసమని వారికి దృష్టాంతములతో చూపవలెను. ధర్మన్నగారి పాటను గరిమెళ్లవారి పాటతో కలిపి, "గబ్బిలము"ను "మాలపల్లి"తో కలిపి బోధించినచో ఈ వివేకము తనంతట కలుగును. ఓటు వేయు వయస్సు వచ్చువఱకు వేచియుండిన ఆలస్యమగును.